స్పానిష్ పాత వెండి ముద్రలు: మీ పళ్లెం మాడ్రిడ్‌దా, కోర్డోబాదా, అసలు నమ్మదగ్గదేనా?

మీరు అడిగింది రెండు వస్తువుల గురించి. ఒకటి అంచంతా నగిషీ ఉన్న వెండి పళ్లెం. దాని వెనక సింహం, అంకెల కింద 'మార్తినెస్' అనే పేరు, పక్కన అరిగిపోయిన మరో పేరు, కాస్త ఎడంగా వంకర్లు తిరిగిన ఒక గీత ఉన్నాయి. అమ్మేవారు దీన్ని 'మాడ్రిడ్ రాజ కర్మాగారం మార్తినెస్ వెండి' అంటున్నారు. రెండోది ఆరు చెంచాల సెట్టు. ఒక్కోదాని మీద చిన్న ఐదు కోణాల నక్షత్రం ఉంది, వాటినీ పద్దెనిమిదో శతాబ్దానివే అంటున్నారు.

ముందు క్లుప్తంగా చెప్తాను. పళ్లెం అసలుదైతే అది దక్షిణ స్పెయిన్‌లోని కోర్డోబా ఊరి పని, మాడ్రిడ్ పని కాదు. ఆ మార్తినెస్ దాన్ని చేసినాయన కాదు, వెండి పరీక్షించి ముద్ర కొట్టిన అధికారి. చెంచాలు 1934కి ముందువి కావు. ఇది ఎలా తేలుతుందో, మీ చేతిలో ఉన్న వస్తువును మీరే ఎలా చూసుకోవాలో ఇప్పుడు వివరంగా రాస్తాను.

ఇంగ్లండ్ వెండి మీద లాగా ఏటేటా మారే తేదీ అక్షరం స్పెయిన్‌లో లేదు. ఏ ఊరి పద్ధతి ఆ ఊరిది. ఊరి ముద్రలు మధ్యయుగం నుంచీ ఉన్నా, కాస్తీయా రాజ్యంలో ఈ పద్ధతికి గట్టి పునాది వేసింది 1488లో ఇసబెల్, ఫెర్నాండో రాజదంపతులు ఇచ్చిన శాసనం. దాని ప్రకారం ఊరి పాలకమండలి ఒక ముద్రాధికారిని పెట్టాలి, కంసాలి తన ముద్ర కొట్టిన వస్తువు ఆయన దగ్గరికి వెళ్లాలి, ఆయన వెండి పరీక్షించి తన ముద్ర, ఊరి ముద్ర కొట్టాలి. అలా మూడు ముద్రలు: ఊరు, అధికారి, చేసినవాడు. వెండి నాణ్యతను డినెరోల్లో లెక్కించేవారు. మేలిమి వెండి 12 డినెరోలు, ఒక్కో డినెరోకు 24 గ్రానోలు. శాసనం కోరిన నాణ్యత 11 డినెరోల 4 గ్రానోలు, అంటే వెయ్యికి దాదాపు 930.5 పాళ్లు. 1497 తర్వాత అచ్చయిన రియాల్ నాణేలకూ ఇదే నాణ్యత. పదిహేడో శతాబ్దంలో డచ్చి, ఇంగ్లిష్ కంపెనీల ఓడలు మచిలీపట్నం రేవుకు తెచ్చిన ఎనిమిది రియాళ్ల వెండి నాణేలు ఆ కుదురువే. పద్దెనిమిదో శతాబ్దంలో, ఐదో ఫెలిపె కాలంలో, నాణ్యత 11 డినెరోలకు, అంటే 916కు తగ్గింది. చిన్న చిన్న వస్తువులకు 9 డినెరోలు, అంటే 750 కూడా చెల్లింది.

ఈ అంకెలు ఎందుకు చెప్తున్నానంటే, ఆ కాలం వస్తువు మీద నాణ్యత ఎక్కడా అంకెల్లో ఉండదు. '925', '916', '800' అని కొట్టి ఉంటే ఆ ముద్ర చాలా తర్వాతి కాలానిది. పాత వస్తువు మీద తర్వాత ఎవరైనా కొట్టి ఉండవచ్చు, కాబట్టి ఆ అంకె కనిపించగానే వస్తువే కొత్తదని తేల్చేయకండి. కానీ పాత ముద్రలు ఒక్కటీ లేకుండా '925' ఒక్కటే ఉంటే మాత్రం పద్దెనిమిదో శతాబ్దం మాట మర్చిపోవచ్చు.

ఇక మీ పళ్లెం. వెనక కాళ్ల మీద నిలబడ్డ సింహం, చిన్న గుండ్రటి గడిలో ఉంటే, అది కోర్డోబా ఊరి ముద్ర. ఆ ఊరి కంసాలులు స్పెయిన్ అంతటా సంతలు తిరిగి అమ్మేవారు. అందుకే పాత స్పానిష్ వెండి అంటూ బజారులోకి వచ్చేదాంట్లో కోర్డోబా వాటా చాలా ఎక్కువ. పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలో అక్కడి అధికారులు తమ పేరుతో పాటు ఏడాది చివరి రెండు అంకెలూ కొట్టేవారు. ముందు బార్తొలొమే దె గాల్వెస్ ఇ అరాందా, ఆయన ముద్ర 'అరాందా'. తర్వాత హువాన్ దె లూకె ఇ లెయివా, ఆయనది 'లెయివా'. ఆ తర్వాత శతాబ్దం చివరి రెండు దశాబ్దాల్లో మాతెయో మార్తినెస్ మొరేనో, ఆయన ముద్రే 'మార్తినెస్'. పేరుతో పాటు అంకెలున్నది అధికారి ముద్ర, ఏ అంకే లేకుండా విడిగా ఉన్న పేరు చేసినవాడిది అని గుర్తు పెట్టుకుంటే కోర్డోబా వెండిలో సగం తికమక పోతుంది.

మాడ్రిడ్ మార్తినెస్ పూర్తిగా వేరే మనిషి. అంతోనియో మార్తినెస్ బార్రియో వెస్కా ఊరివాడు, మూడో కార్లోస్ రాజు అండతో 1778లో మాడ్రిడ్‌లో కర్మాగారం పెట్టాడు. యంత్రాలతో రేకు తీయడం, అచ్చులతో అలంకారం ఒత్తడం అక్కడ నేర్పేవారు. ఆ కర్మాగారం సరుకు తీరే వేరు: నున్నటి తలాలు, ముత్యాల వరసలాంటి అంచులు, నిలువు గీతలు, గ్రీకు రోమన్ వాసన. అన్నిటికన్నా ముఖ్యం, అది మాడ్రిడ్‌లో చేసినది కాబట్టి దాని మీద మాడ్రిడ్ ముద్రలే ఉండాలి. మాడ్రిడ్‌కు రెండు ముద్రలు: ఊరి తరఫున చెట్టుకు ఆనుకుని నిలబడ్డ ఎలుగుబంటి, రాజాస్థానం తరఫున కోట. పద్దెనిమిదో శతాబ్దం రెండో సగం నుంచి రెండింటి కిందా ఏడాది చివరి రెండు అంకెలు కనిపిస్తాయి. మీ పళ్లెం మీద ఎలుగుబంటి లేదు, కోట లేదు, సింహం ఉంది. అది మాడ్రిడ్ కర్మాగారం సరుకు అయ్యే దారే లేదు. అమ్మేవారు అబద్ధం చెప్తున్నారని అనను. ఈ రెండు మార్తినెస్‌లను కలిపేయడం వేలంపాటల జాబితాల్లో కూడా తరచూ జరుగుతుంది. మార్తినెస్ అన్నది స్పెయిన్‌లో ఎంత మామూలు ఇంటిపేరో గుర్తు పెట్టుకుంటే చాలు.

అరిగిన రెండో పేరు చదవడానికి వస్తువును తోమకండి. చింతపండు, విభూతి, పళ్లపొడి, నగల షాపుల్లో ముంచి తీసే రసాయనం, ఏదీ వద్దు. ముద్ర గడి గోడలే మనకు సాక్ష్యం. ఒక్కసారి గట్టిగా తోమితే ఆ గోడల అంచులు గుండ్రబడతాయి, తర్వాత అసలు ముద్రకూ పోత ముద్రకూ తేడా పట్టడం కష్టమవుతుంది. దాని బదులు ఇలా చేయండి. గది చీకటి చేసి, చిన్న టార్చిని దాదాపు తలానికి ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోండి, నాలుగు దిక్కుల నుంచీ నాలుగు ఫొటోలు తీయండి. ఒక దిక్కు వెలుగులో కనపడని అక్షరం మరో దిక్కులో తేలుతుంది. అయినా చాలకపోతే కొవ్వొత్తి మసి పద్ధతి ఉంది: కొవ్వొత్తి మంట మీద ఒక చెంచా పట్టి మసి పట్టించి, ఆ మసిని వేలితో ముద్ర మీద పల్చగా అద్ది, పారదర్శక టేపు అంటించి మెల్లగా ఒత్తి, లేపి తెల్ల కాగితం మీద అంటించండి. ముద్ర నలుపు తెలుపుల్లో చదవడానికి వీలుగా వస్తుంది. మిగిలిన మసి తడి మెత్తటి గుడ్డతో పోతుంది. పది రెట్ల భూతద్దం తప్పనిసరి.

ఆ రెండో పేరు 'కాస్త్రో' అని తేలితే సంతోషించే ముందు రెండుసార్లు ఆలోచించండి. దమియాన్ దె కాస్త్రో (1716–1793) కోర్డోబా కంసాలుల్లో అందరికన్నా పేరున్నవాడు. పేరున్నవాడి ముద్రనే నకిలీ చేస్తారు. ఆయన 1793లో చనిపోయాడు. పక్కన అధికారి అంకె 98 అని ఉంటే ఆ రెండు ముద్రలూ ఒకే రోజు ఒకే వస్తువు మీద పడినవి కావు. అంకె విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. చాలా ఊళ్లలో అధికారి పదవిలోకి వచ్చిన ఏడాదితో ముద్ర అచ్చు చెక్కించి, దాన్నే కొన్నేళ్ల పాటు వాడేవాడు. కొన్ని ఊళ్లలో ఏటా మార్చేవారు. కాబట్టి అంకె '85' అంటే వస్తువు 1785కు ముందుది కాదని ఖాయం, సరిగ్గా 1785లోనే చేసిందని కాదు.

వంకర గీత సంగతి. స్పానిష్‌లో దాన్ని బురిలాదా అంటారు. అధికారి ఉలి మొనను అటూ ఇటూ ఊపుతూ లోహం మీద నడిపి కాస్త రజను తీసేవాడు. ఆ రజనును ఎముక బూడిద మూసలో సీసంతో పుటం పెట్టి నాణ్యత చూసేవాడు. గీత అలాగే మిగిలిపోయేది. స్పానిష్ వెండిలో ఇది ఎంతో మామూలు కాబట్టి చాలామంది దీన్నే రుజువుగా పట్టుకుంటారు. అది తప్పు. జర్మనీలో ఆగ్స్‌బర్గ్, న్యూరెంబర్గ్ వెండి మీదా, మధ్య యూరప్‌లో మరికొన్ని చోట్లా ఇలాంటి గీతే ఉంటుంది. గీత ఉంటే ఎవరో పరీక్షించారని మాత్రమే తెలుస్తుంది. భూతద్దంలో చూడాల్సింది ఇది: నిజమైన గీతలో ప్రతి మలుపు దగ్గరా ఉలి మొన తిరిగిన చిన్న త్రికోణపు దెబ్బ ఉంటుంది, లోతు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. దాని అంచులు చుట్టూ ఉన్న తలం అరిగినంతగానే అరిగి ఉండాలి. పళ్లెం వెనకంతా రెండు వందల ఏళ్ల గీరలతో మెత్తబడి, గీత ఒక్కటే వేలికి గుచ్చుకునేంత పదునుగా ఉంటే అది నిన్నటిది.

ఇదే సూత్రం ముద్రలన్నిటికీ వర్తిస్తుంది, నకిలీని పట్టే అసలు మార్గం కూడా ఇదే. ముద్రలు ఒకదానితో ఒకటి పొసగాలి, అన్నీ కలిసి వస్తువుతో పొసగాలి. ఒక్క ముద్ర దేన్నీ రుజువు చేయదు. నకిలీ చేసేవాడు ఒక్కో ముద్రను బాగానే చేయగలడు. ఊరూ, అధికారి కాలమూ, కంసాలి కాలమూ, శైలీ, తూకమూ, లోహమూ అన్నీ ఒకే ఏడాదికి సరిపోయేలా చేయడమే అతని వల్ల కాదు.

సుత్తితో కొట్టిన ముద్రకూ పోతలో వచ్చిన ముద్రకూ తేడా చూడండి. ముద్ర అచ్చును సుత్తితో కొడితే లోహం పక్కకు జరుగుతుంది. గడి చుట్టూ సన్నటి కట్ట లేస్తుంది, పల్చటి రేకు అయితే వెనకవైపు ఉబ్బు కనిపిస్తుంది, గడి అడుగు నున్నగా మెరుస్తుంది. అసలు వస్తువు నుంచి అచ్చు తీసి పోత పోస్తే ఇవేవీ ఉండవు. గడి గోడలు మెత్తగా, అడుగున ఇసుక రేణువుల్లాంటి గరుకు, సూదిమొనంత గాలి రంధ్రాలు ఉంటాయి. వెనకవైపు ఉబ్బు ఉండదు. చెంచాలు, ఫోర్కుల సెట్టులో ఇంకా తేలిక: ఆరింటిని పక్కపక్కన పెట్టి చూడండి. చేత్తో కొట్టిన ముద్రలు ఏ రెండూ ఒకే చోట, ఒకే వాలులో, ఒకే లోతులో పడవు. ఆరింటి మీదా ముద్ర అదే చోట, అదే అక్షరం అదే మూల అరిగి ఉంటే ఒకే చెంచా నుంచి అన్నీ పోత పోశారన్నమాట.

అతికిన ముద్ర ఇంకో రకం మోసం. విరిగిన పాత చిన్న వస్తువు నుంచి ముద్రలున్న ముక్క కోసి, పెద్ద కొత్త వస్తువు అడుగున టంకంతో అతుకుతారు. దాన్ని పట్టడానికి ముద్రల చుట్టూ నోటితో ఆవిరి ఊదండి. ఆవిరి పట్టి ఆరే క్షణంలో టంకం గీత వేరే రంగులో ఒక గడిగానో వలయంగానో కనిపిస్తుంది. అడుగు మధ్య గుండ్రటి బిళ్లలో మాత్రమే ముద్రలుంటే అనుమానించండి. స్పానిష్ వెండిలో ముద్రలు చాలాసార్లు కంటికి కనిపించే చోటే, పళ్లెం అంచు మీద, పీఠం అంచు మీద, జగ్గు నోటి దగ్గర కొట్టి ఉంటాయి.

అడుగున ఉలితో చెక్కిన అంకెలు ఏమైనా ఉన్నాయా చూడండి. చాలా వస్తువుల మీద తూకం చెక్కి ఉంటుంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. కాస్తీయా మార్కో అంటే 230.05 గ్రాములు. ఒక మార్కోకు 8 ఒన్సాలు (ఒక్కోటి 28.76 గ్రా.), ఒక ఒన్సాకు 8 ఒచావాలు (ఒక్కోటి 3.59 గ్రా.). ఉదాహరణకు 2 మార్కోల 3 ఒన్సాల 4 ఒచావాలు అని ఉంటే 460.1, 86.3, 14.4 కలిపి దాదాపు 561 గ్రాములు. ఇప్పుడు తూచితే 548 వచ్చిందనుకోండి, రెండు శాతం చిల్లర తగ్గింది, తోమకంలో అరిగినదే, సహజం. 620 వస్తే తర్వాత ఏదో చేర్చారు: కొత్త కాళ్లు, పిడి, అడుగున టంకం. 480 వస్తే ఏదో తీసేశారు, లేదా చెక్కిన తూకం మూతతో కలిపి, జతతో కలిపి అయి ఉంటుంది. కతలూన్యా, అరగోన్ ప్రాంతాల తూకాలు వేరు, అక్కడి వస్తువులకు ఈ లెక్క వాడకండి. తూకం గ్రాముల్లో చెక్కి ఉంటే అది 1849లో స్పెయిన్ మెట్రిక్ చట్టం చేశాక చెక్కినది.

లోహం పరీక్షకు మన ఊళ్లలోనే మంచి అవకాశం ఉంది. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల హాల్‌మార్కింగ్ సెంటర్లలో ఎక్స్‌ఆర్‌ఎఫ్, అంటే ఎక్స్-కిరణాలతో లోహంలో ఏముందో చెప్పే యంత్రాలున్నాయి. వస్తువును కోయకుండా, గీయకుండా చూస్తాయి. కానీ అక్కడివాళ్లు మామూలుగా టంచ్ ఎంతో చెప్పి చీటీ ఇచ్చేస్తారు. మీరు మూడు విషయాలు అడగండి. మొదటిది, వెండి శాతం మాత్రమే కాదు, మొత్తం మూలకాల జాబితా కావాలి: రాగి, సీసం, బంగారం, జింకు, కాడ్మియం, నికెల్. రెండోది, ఒకే చోట కాకుండా పళ్లెం మధ్య, అంచు, పీఠం, అతుకు, ముద్రల పక్కన విడివిడిగా చూడాలి. మూడోది, గీకి చూడడం, యాసిడ్ చుక్క వేయడం, పుటం పెట్టడం వద్దని ముందే చెప్పాలి.

వచ్చిన అంకెలను ఇలా చదవాలి. పాత పద్ధతిలో సీసంతో శుద్ధి చేసిన వెండిలో కొద్దిపాటి బంగారం, సీసం మిగిలిపోతాయి. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి విద్యుత్తుతో శుద్ధి చేసిన వెండిలో ఇవి దాదాపు కనపడవు. కాబట్టి పళ్లెం లోహంలో బంగారం, సీసం ఆనవాళ్లు ఏమాత్రం లేకుండా వెండి, రాగి మాత్రమే కనిపిస్తే, అది పద్దెనిమిదో శతాబ్దం వెండి అనుకోవడం కష్టం. తిరగేసి చూస్తే ఇది రుజువు కాదు: పాత నాణేలు కరిగించి చేసిన కొత్త వస్తువులోనూ ఆ ఆనవాళ్లు ఉంటాయి. అతుకులో కాడ్మియం ఉంటే ఆ టంకం ఇరవయ్యో శతాబ్దానిది. కనీసం ఆ అతుకు తర్వాత చేసిన మరమ్మతు. నికెల్ కనిపిస్తే అది వెండి కాదు, మనం జర్మన్ సిల్వర్ అనే మిశ్రమం మీద పూత. వెండి శాతం కాస్త ఎక్కువ వచ్చినా ఆశ్చర్యపోకండి. కంసాలి చివర్లో వేడి చేసి పల్చటి ఆమ్లంలో ముంచినప్పుడు పైపొరలో రాగి కరిగిపోయి వెండి మిగులుతుంది, యంత్రం ఆ పైపొరనే ఎక్కువగా చదువుతుంది. 930 అని రావాల్సింది 950 చూపడం మామూలే. 916 ఉండాల్సిన పళ్లెం అన్ని చోట్లా ఖచ్చితంగా 925 చూపిస్తూ, బంగారం సీసం సున్నా అయితే అప్పుడు ఆగి ఆలోచించాలి.

నీటిలో తూచి సాంద్రత చూసే పద్ధతి ఇంట్లోనే చేయవచ్చు. వెండి, రాగి మిశ్రమం 916 దగ్గర దాదాపు 10.34, 750 దగ్గర 10.06 వస్తుంది. ఇత్తడి, జర్మన్ సిల్వర్ రెండూ 9కి లోపలే. పూత సరుకును ఇది వెంటనే పట్టేస్తుంది, కానీ 916కూ 930కూ తేడా చెప్పలేదు. బోలు పిడి, లోపల లక్క నింపిన కొవ్వొత్తి స్తంభం ఉన్నవాటి మీద ఈ పరీక్ష చేయకండి, అంకె తప్పొస్తుంది.

సింహం కనిపించిన ప్రతిసారీ కోర్డోబా అనుకోకూడదు కాబట్టి ఇంకొన్ని ఊళ్ల ముద్రలు. సరగోసా ముద్రలో సింహంతో 'సి ఇ ఎస్' అనే మూడక్షరాలుంటాయి. లెయోన్ ఊరిదీ సింహమే. ఇంగ్లండ్ వెండి మీది సింహం నడుస్తున్న సింహం, దాని పక్కన తేదీ అక్షరం, పరీక్షశాల గుర్తు వరసగా ఉంటాయి. సెవిల్ ముద్ర హిరాల్దా బురుజు, లేదా 'నో', 'దో' అక్షరాల మధ్య 8 ఆకారంలో నూలు చిలప. బార్సిలోనాది 'బార్' అనే అక్షరాలు, వాటితో తరచూ శిలువ. టొలేడోది టి అక్షరం మీద చిన్న ఓ. సలమాంకాది వంతెన మీద ఎద్దు. సెగోవియాది రాతి నీటివంతెన. క్వెంకాది పానపాత్ర, పైన నక్షత్రం. గ్రనడాది దానిమ్మ. వలెన్సియాది కిరీటం కింద ఎల్ అక్షరం. పంప్లోనాది కిరీటం కింద రెండు పి అక్షరాలు. బార్సిలోనా వస్తువులకు ఇంకో అదృష్టం ఉంది. అక్కడి కంసాలి సంఘంలో చేరడానికి పరీక్ష రాసేవారు తాము చేయబోయే వస్తువు బొమ్మను ఒక పుస్తకంలో గీసి పేరు, తేదీ రాయాలి. శతాబ్దాల పాటు నడిచిన ఆ పుస్తకాలు ఇప్పటికీ ఆ నగర చారిత్రక అభిలేఖాగారంలో ఉన్నాయి. శైలికి తేదీ వేయడానికి అంత గట్టి ఆధారం మరో ఊరికి అరుదు.

ముద్రలు అసలు లేని మంచి వస్తువులూ ఉంటాయి. చర్చి గానీ ఆసామి గానీ తన వెండి తనే ఇచ్చి చేయించుకుంటే ముద్ర కోసం వెళ్లకపోవడం ఉండేది. సన్నటి తీగ పని మీద ముద్ర కొట్టే చోటే ఉండదు. ముద్ర లేకపోవడం లోపం కాదు. ముద్రలు పొసగకపోవడం లోపం.

అమెరికా ఖండపు స్పానిష్ వెండిని కూడా అమ్మేవారు ఇదే పేరుతో కలిపేస్తారు. మెక్సికో నగరం ముద్ర తొలి రూపంలో ఎం అక్షరం మీద రెండు స్తంభాల మధ్య తల, పైన కిరీటం ఉంటాయి. దాంతో పాటు రాజుకు పన్ను కట్టినట్టు వేరే ముద్ర, వలసకాలం చివర్లో అది ఎక్కువగా గద్ద. అధికారుల పేర్లు తేదీ చెప్పేస్తాయి: గొన్సాలెస్ 1731 నుంచి 1778 దాకా, లిన్సె 1779 నుంచి 1788 దాకా, ఫోర్కాదా 1790 నుంచి 1818 దాకా. ఫోర్కాదా ముద్ర 'ఎఫ్ సి డి ఎ' అని కుదించి ఉంటుంది. మెక్సికో 1940ల చివరి నుంచి ఆధునిక వెండి మీదా గద్ద ముద్ర కొట్టింది, దాని మధ్యలో అంకె ఉంటుంది, పక్కన '925' ఉంటుంది. తాస్కో ఊరి నగలు, పళ్లాలు ఎన్నో ఇలాంటివే. గద్ద కనిపించగానే వలసకాలం అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పెరూ వెండిలో చాలా భాగం మీద ముద్రలే ఉండవు, అక్కడ శైలి, లోహమే ఆధారం.

'మెనెసెస్' అనే పేరు, 'ప్లాతా మెనెసెస్' అనే ముద్ర కూడా తరచూ అడుగుతుంటారు. ప్లాతా అంటే వెండి కాబట్టి అమ్మేవారు ధైర్యంగా వెండి అని రాస్తారు. అది మాడ్రిడ్ సంస్థ చేసిన వెండి పూత సరుకు, పని చక్కగా ఉంటుంది, కానీ లోపల లోహం వేరు. పీఠం అంచు, చెంచా వీపు లాంటి ఎక్కువ రాపిడి తగిలే చోట పసుపు గానీ బూడిద గానీ తేలిందేమో చూడండి.

ఇక మీ చెంచాలు. ఐదు కోణాల నక్షత్రం స్పెయిన్ 1934లో మొదలుపెట్టిన అధికారిక వెండి ముద్ర. అప్పటి లెక్కలో మొదటి తరగతి 915. 1985 నాటి విలువైన లోహాల చట్టం, 1988 నాటి దాని నియమావళి వచ్చాక పద్ధతి మారి 925 తరగతి వచ్చింది. కాబట్టి మీ సెట్టు 1934కూ 1980లకూ మధ్యది. చెడ్డ సరుకు కాదు, వాడుకోవడానికి నిక్షేపం లాంటి వెండి. ధర మాత్రం పురాతన వస్తువుగా కాక తూకాన్ని బట్టి ఇవ్వాలి. పాత శైలిని అచ్చుగుద్దినట్టు దించడం ఆ కాలపు స్పానిష్ కర్మాగారాలకు అలవాటే, అందులో మోసమేమీ లేదు. మోసం పద్దెనిమిదో శతాబ్దం అని చెప్పడంలో ఉంది.

కొనే ముందు కాగితాల మాట. స్పెయిన్ 1985 నాటి చారిత్రక వారసత్వ చట్టం ప్రకారం, ఆ వారసత్వంలో భాగమైన వందేళ్లు దాటిన వస్తువు దేశం దాటాలంటే అనుమతి కావాలి. పళ్లెం స్పెయిన్ నుంచి నేరుగా వస్తుంటే ఆ అనుమతి కాపీ అడగండి, దాని మీద ఫొటో, కొలతలు ఉంటాయి, మీ వస్తువుతో సరిచూసుకోవచ్చు. ఫ్రాన్స్ మీదుగా వచ్చి ఉంటే చిన్న హంస ముద్ర ఉండవచ్చు. 1893 నుంచి ఫ్రెంచి పరీక్షశాలలు మూలం తెలియని వెండి మీద కొట్టిన ముద్ర అది, దాన్ని చూసి కంగారు పడకండి. పానపాత్ర, ధూపపాత్ర లాంటి చర్చి వస్తువులైతే ఇంటర్‌పోల్ దొంగిలించిన కళావస్తువుల జాబితాలో చూడండి. ఐడీ-ఆర్ట్ అనే ఫోన్ యాప్‌లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. స్పెయిన్ పల్లెటూరి చర్చిల నుంచి ఇలాంటివి ఎన్నో పోయాయి.

మీ పళ్లెం గురించి గట్టిగా చెప్పాలంటే ఇవి కావాలి: నాలుగు ముద్రల ఫొటోలు పక్క వెలుగులో, ప్రతి ముద్రకూ సరిగ్గా వెనకవైపు తలం ఫొటో, అధికారి పేరు పైన ఉన్న రెండు అంకెలు, అరిగిన రెండో పేరు మసి ముద్ర, గ్రాముల్లో తూకం, అడుగున చెక్కిన అంకెలు ఏమైనా ఉంటే అవి, ఎక్స్‌ఆర్‌ఎఫ్ చీటీ మొత్తం. అధికారి అంకె 80ల, 90ల మధ్య ఉండి, అంచు నగిషీ శంఖాలు, ఆకులు, వంపులతో సాగే తీరులో ఉంటే, ముద్రలూ శైలీ కలుస్తున్నట్టే. అప్పుడు మిగిలేది ముద్రలు ఆ రేకులోకే దిగాయా, అతికారా అన్న ఒక్క ప్రశ్న. దానికి వెనకవైపు ఫొటోలే జవాబు చెప్తాయి.